బుధవారం సంగతి

మార్చి 2, శనివారం

ఇవాళ సూపు మిగిలింది. మందిరం వంటగది నా చేతికి వచ్చినప్పటినుంచి శనివారం ఉచిత భోజనాల్లో గిన్నె ఖాళీ కాకపోవడం ఇదే మొదటిసారి. ఉప్పు ఎక్కువైందేమోనని మళ్ళీ మళ్ళీ రుచి చూశాను. సరిగానే ఉంది.

జనం రాలేదనుకుంటే అదో బాధ. వచ్చారు. వచ్చి, గబగబా తినేసి, రెండోసారి వడ్డించుకోకుండా వెనకగదిలోకి వెళ్ళిపోయారు. పిల్లలకు పాఠాలు చెప్పే గది అది. అక్కడ నర్సమ్మ ఉంది. తలుపు వేసుకున్నారు.

నర్సమ్మ మా సంఘంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఆస్పత్రిలో నర్సుగా రిటైరయ్యాక ఈ పేటకి వచ్చింది. వచ్చీ రాగానే, "అక్కా, నేనూ వడ్డిస్తాను" అంది. సరే అన్నాను. గరిటె చేతిలో ఉందన్న పేరే గానీ ఆవిడ కళ్ళు గిన్నెలో ఉండవు, వచ్చినవాళ్ళ చేతుల మీద ఉంటాయి. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళ ముంజేతుల మీద కాలిన చారలుంటాయి. నేనూ చూశాను. ఇస్త్రీ పనిలో చెయ్యి కాలకుండా ఉంటుందా? ఆవిడ మాత్రం ఒక్కొక్కరి చెయ్యీ తిప్పి చూసి "ఇదెలా కాలింది? అదెప్పటిది?" అని అడిగేది. వెనకున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని అలా నిలబడేవాళ్ళు.

తర్వాత పాస్టరుగారిని ఒప్పించి 'న్యాయం కమిటీ' అని ఒకటి పెట్టించింది. ఆదివారం అందరి ముందూ లేచి, "అన్నం పెట్టడం మంచిదే. కానీ రోజంతా ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు కూడా మన దగ్గర ప్లేటు పట్టుకుని ఎందుకు నిలబడాల్సి వస్తోందో అడగాలి కదా" అంది.

మంచిదే. కానీ.

ఆ 'కానీ' ఎవరిని అన్నట్టు?

మార్చి 5

మా ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాక కదిపాను.

"తలుపెందుకు వేసుకుంటారు చెప్పండి?"

"గాలికేమో."

"కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గాలెక్కడిది?"

"అయితే చలికేమో." "నువ్వు పోలీసుల్లో చేరుంటే ఈపాటికి ఊరంతా లోపలే ఉండేది" అన్నారు.

ఈయనకి అన్నీ నవ్వులాటే.

మార్చి 9, శనివారం

టీ గ్లాసుల ట్రే పట్టుకుని నేనే వెళ్ళాను. తలుపు కొట్టలేదు. నా మందిరంలో నేను తలుపు కొట్టడమేమిటి?

నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. లోపల అందరూ లాండ్రీ ఆడవాళ్ళే. పొడుగమ్మాయి కిటికీ దగ్గర నిలబడి చేతులతో ఏదో కొలిచి చూపిస్తున్నదల్లా చేతులు దించేసింది. అందరికంటే పొడుగు, అందరికంటే నెమ్మది. ఆమె మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వింటారు. ఆ పక్కన గలగలమ్మ. ఆ పేరు నేను పెట్టిందే. వరుసలో నిలబడినంతసేపూ నోరు మూతపడదు. వాళ్ళింటి కుళాయి సంగతి, పక్కింటి పిల్లి సంగతి, అన్నీ చెప్పాకే ప్లేటు అందుకుంటుంది. అలాంటి గలగలమ్మ కూడా నన్ను చూసి పెదాలు బిగించుకుంది.

నాకు భయమేసింది అక్కడే.

"టీ తెచ్చారా అక్కా, మీకెందుకు శ్రమ" అని నర్సమ్మ ట్రే అందుకుంది. అందుకోవడంలోనే నన్ను గుమ్మం బయటికి జరిపేసింది. ఎంత నేర్పు!

మార్చి 10

ప్రార్థనలో మనసు నిలవలేదు.

అన్నయ్య ముందు వరుసలో కూర్చున్నారు. అన్నయ్య అంటే తోబుట్టువు కాదు. మా సంఘ పెద్ద, ఆ లాండ్రీ ఓనరు. వంటగదిలో పెద్ద స్టవ్ ఆయన ఇప్పించిందే. బల్లల మీద గుడ్డలు ఆయన దగ్గరే ఉతికి, ఇస్త్రీ చేసి పంపిస్తారు. నన్ను "అమ్మా" అని తప్ప పిలవరు. ఆయన ఉప్పు తిన్నవాళ్ళే వెనకగదిలో తలుపులు వేసుకుని కూర్చుంటున్నారని ఆయనకు తెలుసా?

నాకెందుకు.

మార్చి 16, శనివారం

తుడిచే గుడ్డలు వెనక బీరువాలో ఉంటాయి. వాటికోసమే వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది.

"బుధవారం పొద్దున ఇన్‌స్పెక్టరు వస్తాడు. అందరూ పొద్దుటి షిఫ్టులోనే ఉండాలి" అంది నర్సమ్మ. ఇంకేవో మాటలు. సరిగా వినపడలేదు.

తర్వాతి మాట మాత్రం బాగా వినపడింది. "పెద్దమ్మకి తెలియకూడదు."

పెద్దమ్మ అంటే నేనే. భోజనానికి వచ్చేవాళ్ళంతా నన్ను అలాగే పిలుస్తారు. ఎవరో నవ్వారు. పొడుగమ్మాయి.

గుడ్డలు తీసుకోకుండానే వచ్చేశాను.

మార్చి 18

ఇన్‌స్పెక్టరు అంటే ఏ ఇన్‌స్పెక్టరు? శనివారం రాత్రంతా ఆలోచిస్తే తట్టింది. వంటగది మీదకి తెస్తోంది. శుభ్రంగా లేదనో, సూపు బాగాలేదనో ఫిర్యాదు పెట్టి ఉంటుంది. నన్ను తప్పించి గరిటె తను పట్టుకోవాలని. ఎన్ని చూడలేదు!

నిన్న మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశారు, స్టవ్ బాగా మండుతోందా అని. మాటల్లో మాటగా బుధవారం సంగతి వచ్చింది. "ఎవరో ఇన్‌స్పెక్టరు వస్తాడట అన్నయ్యా, నా వంటగదికే అనుకుంటా" అన్నాను. అంతే. ఆయన "నువ్వేం బెంగ పెట్టుకోకమ్మా" అన్నారు. మా ఆయన పక్కగదిలో నిద్రపోతున్నారు. లేకపోతే దానిమీద కూడా ఒక జోకు వేసేవారు.

మార్చి 20, బుధవారం

వంటగదంతా కడిగి, గిన్నెలు తోమించి, పొద్దుటినుంచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

మార్చి 22

నర్సమ్మ ఇంటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీతో ముందే చెప్పాల్సింది అక్కా" అని మొదలుపెట్టింది.

లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద మిషన్ ఉందట. ఆవిరితో కాగే రోలరు. ఇద్దరు చెరో మూలా పట్టుకుని దుప్పటి లోపలికి వదలాలి. రోలరు ముందు అడ్డంగా ఒక ఇనుప కమ్మీ ఉండాలట. దానికి వేలు తగిలితే చాలు, మిషన్ ఆగిపోతుంది. కానీ దుప్పటి మడత తగిలినా ఆగిపోతుంది కనక పని వెనకబడుతోందని దాన్ని ఎప్పుడో తీసేశారు. ఆ చేతుల మీది చారలన్నీ అందుకే. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు. బుధవారం ఇన్‌స్పెక్టరు ఓనరుకి చెప్పకుండా వచ్చాడు. కమ్మీ బిగించి ఉంది, కొత్త రంగుతో మెరుస్తూ. ఆయన చూసి, తలూపి, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే పొడుగమ్మాయిని పనిలోంచి తీసేశారు.

"ఎవరో ముందే చెప్పేశారక్కా."

"అయ్యో" అన్నాను.

"మీకు తెలియనివ్వొద్దని నేనే అన్నాను. ఆ ఓనర్ని మీరు అన్నయ్యా అంటారు కదా. మిమ్మల్ని ఇరకాటంలో పెట్టడం ఎందుకని."

నా మొహంలోకి చూస్తూ అంది. నిజంగా నామీద జాలితోనే అందా? లేక నన్ను కనిపెట్టడానికి వచ్చిందా? ఆస్పత్రిలో అన్నేళ్ళు చేసినవాళ్ళకి మనిషి మొహం చూడగానే జబ్బేమిటో తెలిసిపోతుందంటారు.

వెళ్ళాక నీళ్ళు తాగాను. 

మార్చి 23, శనివారం

వాళ్ళకి మనిషి దొరికింది. గలగలమ్మట. ఆమే చెప్పేసిందని తేల్చేశారు. నోట్లో నువ్వుగింజ నానదు కదా. పైగా పొడుగమ్మాయిని తీసేసిన మర్నాడే గలగలమ్మకి అదనపు షిఫ్టు ఇచ్చారు. ఇంకేం కావాలి?

ఆమె ప్లేటు పట్టుకుని బల్ల చివర కూర్చుంటే ఆ బల్ల మీదున్నవాళ్ళు లేచి పక్కబల్లకి వెళ్ళారు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆమె సగం తిని, ప్లేటు కడగడానికి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, మీరైనా చెప్పండి వాళ్ళకి. నేను చెప్పలేదు. ఒట్టు. నేనెవరికి చెప్తాను? నాకు పిల్లి సంగతులు చెప్పడమే సరిపోతుంది."

"దేవుడు అన్నీ చూస్తున్నాడమ్మా. నిజం అదే బయటికొస్తుంది" అన్నాను.

ఇంకో రొట్టె ముక్క కాగితంలో చుట్టి ఇచ్చాను.

నిజానికి ఆమె చెప్పలేదని నాకేం తెలుసు? చెప్పి ఉండొచ్చు కూడా. నేను అన్నది వంటగది గురించి. అన్నయ్యకి ఇంకోచోటినుంచి కూడా తెలిసి ఉండొచ్చు.

మార్చి 26

మందిరం వంటగదికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. మనిషంత ఎత్తు. అన్నయ్య పంపించారట. అడగలేదు. పాస్టరుగారు సంతోషంతో తలుపు తీసి మూసి చూస్తున్నారు.

ఇప్పుడెందుకు పంపించారు?

మార్చి 30, శనివారం

గలగలమ్మ రాలేదు.

నేను వడ్డిస్తుంటే ఒకామె ఫ్రిజ్ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. ఊరికే చూసిందేమో. ఇవాళ అందరూ నన్నే చూస్తున్నట్టుంది. నర్సమ్మ నాతో మాట్లాడిన ప్రతిసారీ ముందు కాస్త ఆగుతోంది. అంతకుముందు ఆగేది కాదు. ఆగేదేమో, నేను గమనించలేదేమో.

ఏప్రిల్ 2

ఒక మాట సరిచేసి రాసుకోవాలి. ఆ రోజు ఫోన్‌లో బుధవారం సంగతి నేను ఎత్తలేదు. అన్నయ్యే అడిగారు, "వెనకగదిలో మీటింగులు జరుగుతున్నాయట కదమ్మా" అని. అంటే ఆయనకి అప్పటికే కొంత తెలుసు. పెద్దవాళ్ళు అడిగితే అబద్ధం చెప్పనా? మందిరంలో పనిచేస్తూ?

ఏప్రిల్ 4

మా ఆయన డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చారు. చొక్కా కూడా విప్పలేదు. ఆయన బస్సు లాండ్రీ గేటు మీదుగానే వెళ్తుంది. రోజూ ఆ ఆడవాళ్ళు ఎక్కగానే బస్సు సంతలా ఉంటుందట. ఇవాళ ఎక్కారు, ఒక్కరూ మాట్లాడలేదట. ఆయనే అడిగారట.

గలగలమ్మ చెయ్యి రోలర్లో పడింది.

ఇన్‌స్పెక్టరు వెళ్ళిన మర్నాడే కమ్మీ మళ్ళీ తీసేశారు. ఆమెతో రెండో మూల పట్టుకోవడానికి ఎవరూ నిలబడటం లేదు. ఇన్ని రోజులుగా ఒక్కతే అటూ ఇటూ పరిగెత్తుతూ దుప్పట్లు వదులుతోందట. ఇవాళ ఒక మూల మడతపడితే సర్దబోయింది. అరిచింది. మిషన్ ఆపే మీట రెండోవైపు ఉంది. రెండోవైపు మనిషి లేదు.

ఏప్రిల్ 5

బంగాళదుంపలు కోశాను.

ఏప్రిల్ 6, శనివారం

ఇవాళ వంటకి వెళ్ళలేదు. ఇంతవరకు ఎప్పుడూ జరగలేదు.

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఫోన్ ఆయన చెయ్యలేదు. నేనే చేశాను. తలుపు దగ్గర నాకు అంతా వినపడింది. రోలరు అన్న మాట వినపడింది, లేబర్ ఆఫీసు అన్న మాట వినపడింది. వంటగదికి ఎవరూ రారని నాకు తెలుసు. నర్సమ్మ వచ్చాక నా సూపు మిగిలింది. పెద్దమ్మకి తెలియకూడదు అని, నవ్వారు. పెద్దమ్మకి అన్నీ తెలుసని ఎవరికో ఒకరికి చూపించాలనిపించింది.

"మంచిపని చేశావమ్మా" అన్నాడు ఆయన. "ఆ కమ్మీ ఉంటే సగం పని కూడా నడవదు. ఒక్కరోజు బిగిస్తే పోతుంది." తర్వాత "ఇంతకీ ముందుండి నడిపిస్తున్నదెవరు?" అని అడిగాడు.

పొడుగమ్మాయి అని చెప్పాను. నర్సమ్మ పేరు చెప్పలేదు. నర్సమ్మని ఆయన ఏం చెయ్యగలడు? నవ్వింది పొడుగమ్మాయి. అందుకని.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు.

"నాకు తెలుసు" అన్నారు. "పక్కగదిలోనే ఉన్నాను కదా. నిద్ర పట్టలేదు ఆ రోజు."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వింకో కథ చెప్తావని."

 తర్వాత ఆయన లేచి, స్టవ్ వెలిగించి, ఇంత అన్నం వండారు. నేను ఎవరి మీదెవరి మీదో అనుమానపడుతూ తిరిగాను. ఈయన ఇన్నాళ్ళూ నన్ను చూస్తూ కూర్చున్నారు. దీనికి కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

ఏప్రిల్ 7

ప్రార్థన అయ్యాక నర్సమ్మని వెనకగదిలోకి పిలిచాను. ఈసారి తలుపు నేను వేశాను.

వింటూ ఆవిడ పిల్లల బెంచీ మీద కూర్చుండిపోయింది.  చివరికి ఒకటే అడిగింది.

"ఒక్కరోజు బిగిస్తే పోతుంది అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే."

"ఇన్‌స్పెక్టరు ముందు చెప్తారా?"

అప్పటిదాకా నేను క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చాననుకున్నాను. ఆవిడకి కావలసింది నా క్షమాపణ కాదు.

"చెప్తే ఆయన సంఘం వదిలేస్తాడు. వంటగది నడవదు" అన్నాను.

"నడవకపోవచ్చు" అంది. ఒప్పించాలని చూడలేదు. లేచి బెంచీ సర్దుతోంది.

"ఎప్పుడు వెళ్దాం?" అని అడిగాను.

ఏప్రిల్ 9

లేబర్ ఆఫీసులో చెప్పాను. ఇన్‌స్పెక్టరు నా వంక ఎక్కువగా చూడలేదు. ఆయన మొహం మాత్రం ఎర్రబడింది. రంగు ఆరని కమ్మీని చూసి తలూపి వచ్చింది ఆయనే కదా. ఆ మధ్యాహ్నమే వెళ్ళి రోలరుకి తాళం వేయించాడట.

లాండ్రీ ఓనరు ఫోన్ చేశాడు. ఈసారి నిజంగానే ఆయనే చేశాడు. "నీకేం తక్కువ చేశానమ్మా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. తర్వాత ఎవరో వచ్చి ఫ్రిజ్ తీసుకెళ్ళారని పాస్టరుగారు చెప్పారు. ఆయన గొంతులో నామీద కోపం ఉందో, దిగులుందో పోల్చుకోలేకపోయాను.

ఏప్రిల్ 10

సూపు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. గలగలమ్మ మంచం కిటికీ పక్కన. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు, దిండు మీద పెట్టి ఉంది. రెండు వేళ్ళు ఉండవని నర్సమ్మ ముందే చెప్పింది. నన్ను చూసి ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆ నోరు అంతసేపు మూసి ఉండటం నేను భరించలేకపోయాను.

అంతా చెప్పాను. ఫోన్ సంగతి, రొట్టె ముక్క సంగతి, దేవుడు చూస్తున్నాడని అన్న సంగతి. క్షమించమన్నాను.

"నాకెందుకు చెప్తున్నారు?" అంది. "నేను చెప్పలేదని నాకు తెలుసుగా. తెలియనివాళ్ళకి చెప్పండి."

"నర్సమ్మకి చెప్పాను. ఆవిడ అందరికీ..."

"ఆవిడ కాదు. మీరు. ఒకరికి చెప్పి, వాళ్ళే చెప్పుకుంటార్లే అని ఊరుకోవద్దు. నా ఎదురుగా నిలబడని ప్రతి మనిషికీ మీరే చెప్పండి." గోడవైపు తిరిగింది. "సూపు పట్టుకెళ్ళండి. తినను."

పట్టుకొచ్చేశాను. బస్సులో మూత వదులై ఒళ్ళంతా ఒలికింది. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఏప్రిల్ 12

లాండ్రీ గేటు ముందు రోడ్డు సన్నగా ఉంటుంది. గోడలోంచి వచ్చే గొట్టాల దగ్గర ఎప్పుడూ ఆవిరి. సబ్బు వాసన వీధి చివరిదాకా ఉంటుంది. నర్సమ్మ తోడొస్తానంది. వద్దన్నాను. అయినా వచ్చి, రోడ్డుకి అవతలి పక్కన నిలబడింది. మా ఆయన బస్సు అప్పుడే ఆ దారినే వెళ్ళింది. నన్ను చూసి కూడా ఆపలేదు. ఆపనందుకు మంచిదనిపించింది.

షిఫ్టు దిగి ఆడవాళ్ళు బయటికొచ్చారు. తడిసిన జుట్టు, ఎర్రటి మొహాలు. పొడుగమ్మాయి కూడా వాళ్ళ మధ్యలో ఉంది. రోలరుకి తాళం పడ్డాక, లేబర్ ఆఫీసు మాట మీద ఆమెని మళ్ళీ రమ్మన్నారట.

"ఒక్క నిమిషం ఆగండమ్మా" అన్నాను. ఇంటికి వెళ్ళే తొందరలో కూడా ఆగారు. పెద్దమ్మ ఆగమంటే ఆగడం వాళ్ళకి అలవాటు.

"బుధవారం సంగతి ఓనరుకి చెప్పింది గలగలమ్మ కాదు. నేను. నేనే ఫోన్ చేసి చెప్పాను. పొడుగమ్మాయి పేరు కూడా నేనే చెప్పాను. గలగలమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మీరు ఆమెని వెలేస్తుంటే తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

ముందున్న ఒకామె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె గలగలమ్మ జోడీ అట. రోజూ రెండో మూల పట్టుకునేది. ఇంకొకామె నా దగ్గరికి వచ్చి, "ఆ శనివారం నాకు సూపు పోస్తూ నా మొహంలోకి ఎలా చూశావు?" అని అడిగింది. పెద్దమ్మా అనలేదు, మీరూ అనలేదు. ఎలా చూశానో నాకే తెలియదు. ఆమె నా కాళ్ళ దగ్గర ఉమ్మేస్తుందేమో అనుకున్నాను. ఉమ్మలేదు. తలొంచుకుని వెళ్ళిపోయింది.

నేను కూడా వెళ్ళబోయాను.

"ఆగండి" అంది పొడుగమ్మాయి. ఆమె మొహంలో కోపం కోసం వెతికాను. ఉంది. కానీ గొంతు ఎప్పటిలా నెమ్మదిగానే ఉంది. "వెనకున్నవాళ్ళకి వినపడలేదు. గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాను. అప్పటికి ఇంకా కొంతమంది లోపలినుంచి వస్తూనే ఉన్నారు. వాళ్ళంతా గేటు దాటేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.